మనిషికి ఎంతిచ్చినారు

వంకాయ రంగు దొరకలేదు.
వై.వి. స్ట్రీట్‌లో పదకొండేళ్ళుగా
జాకెట్లకు లైనింగు గుడ్డ చించేదాన్ని,
రెండు వందల నలభై రంగులు కళ్ళు మూసుకొని తీసిచ్చేదాన్ని,
జెండాకు ఆఖరి పట్టీ కావాల్సొచ్చేసరికి
ర్యాకులో ఆ గడి ఖాళీ.
ఎవరో పెండ్లోళ్ళు తాను తానంతా కొనకపోయినారంట.
చివరికి మస్తానీ తన పాత పావడా తెచ్చిచ్చింది,
"కట్టుకున్నదేలే, ఉతికినా" అని.

ఆదివారం పొద్దున కోటిరెడ్డి సర్కిల్ కాడ
ముప్పై ఒక్కమందిమి.
లెక్కబెట్టింది దస్తగిరమ్మ.
రాయచోటి బస్సులో కండక్టరు,
తలకాయలు లెక్కబెట్టకుండా ఉండలేదు.
ఇద్దరు కానిస్టేబుళ్ళను కలిపితే ముప్పై మూడు.
"వాళ్ళకు టికెట్ కొట్టొద్దులే, స్టాఫ్" అనింది.

ప్రొద్దుటూరు నుంచి వచ్చిన పెంచల్
మాస్కు తీయలేదు.
వాళ్ళ మామ బంగారు అంగడి ఈ రోడ్డులోనే ఉందంట.
నీళ్ళు తాగేటప్పుడు మాత్రం
గోడ తట్టు తిరిగి, మూతి బయటపెట్టి,
మళ్ళా దాచుకున్నాడు.
ఎవరమూ ఏమీ అనలేదు.
నేను మాత్రం తక్కువ తిన్నానా?
దస్తగిరమ్మ పక్కన నడస్తా
మధ్యలో ఒక మనిషి పట్టేంత సందు పెట్టినా,
అలవాటు.

ఏం అరవాల్నో ఎవరికీ తెలీదు.
హైదరాబాదులో డప్పులుంటాయంట, పాటలుంటాయంట.
మాకు ఎండ ఉంది.
పెండ్లికొడుకు రాని ఊరేగింపు మాదిరి
నిలబడిపోయినాం.
అప్పుడు దస్తగిరమ్మ, ఏ ఆలోచనా లేకుండా,
జెండా కట్టెను రెండుసార్లు తట్టి
"రైట్... రైట్!" అనింది.
కదిలినాం.
ఇంక అదే మా నినాదం, ఏడురోడ్ల దాకా.

దారి పొడుగునా మస్తానీ చెప్తానే ఉంది:
ఇది రూపాయిచ్చే అంగడి,
ఇది నన్ను చూస్తానే ఫోన్ ఎత్తుకునే అంగడి,
ఈ సేటు, అంగడి తెరిచిన రోజు నా చేత్తోనే దిష్టి తీయించుకున్నాడు,
మరుసటి రోజు మెట్టెక్కనియ్యలేదు.
ఈ పొద్దు ఆమె ఎవరి ముందరా చేయి చాపలేదు.
చేతుల్ని ఏం చేసుకోవాల్నో తెలీక
జెండా కొస పట్టుకొని నడిచింది.

ఏడురోడ్ల కాడ
దోసకాయలు కోసి ఉప్పూ కారం చల్లి అమ్మే అవ్వ
"ఏ పార్టీ అబ్బా మీది?" అనింది.
పార్టీ కాదవ్వా అన్నాం.
"మరి మనిషికి ఎంతిచ్చినారు?"
ఏమీ ఇయ్యలేదవ్వా.
"బిర్యానీ పొట్లమన్నా?"
లేదు.
అవ్వ కత్తి ఆపింది.
ఈ కూడలిలో ఎన్ని ఊరేగింపులు చూసుంటాదో,
ఒక్కొక్కరినీ మొగం మొగం చూసింది.
"ఊరికేనే నడస్తాండారా ఇంత ఎండలో!
అంత కష్టం ఏమొచ్చింది బిడ్డా మీకు?"

చెప్పడానికి ముప్పై ఒక్కమందిమి ఉన్నాం.
ఒక్కరికీ మాట పెగల్లేదు.
పెంచల్ మాస్కు గడ్డం కిందికి లాగి
"నాకొకటియ్యవ్వా,
కారం ఎక్కువేసి" అన్నాడు.

జెండాలో ఆరు రంగులే, రోడ్లేమో ఏడని
ఎవరో లెక్క తప్పు పట్టినారు.
ఏడోది ఇంటికి పోయేది అన్నా.
ఎవరూ నవ్వలేదు.
ఐదుకు దస్తగిరమ్మకు డ్యూటీ,
యూనిఫాం సంచిలోనే ఉంది.
బస్టాండు దాకా ఆ సందు లేకుండా నడిచినా.
అంతే. చేయి పట్టుకోలేదు.

ఇంట్లో అమ్మ నా భుజం మీద నుంచి
ఒక దారప్పోగు తీసి వెలుతురుకు పెట్టి చూసింది.
"వంకాయ రంగు. ఎవరి జాకెట్టుదే?"
నాదేనమ్మా అన్నా.
"నీకు ఈ రంగు జాకెట్టు యాడుంది?"
అంటానే, పారేయకుండా,
ఖాళీ బాబిన్‌కు చుట్టిపెట్టింది.